మూల మేడలకే ఎందుకీ గండం?

ఒడిశా గంజాం జిల్లాలోని బరంపురం పాత బజారు వీధుల్లో మలుపు దగ్గర ఇంకా అక్కడక్కడా పాత మేడలు నిలబడి ఉన్నాయి. కింద కొట్లు, పైన కాపురాలు. రోడ్డు వెడల్పు మాట లేచినప్పుడల్లా ముందు టెన్షన్ పడేది వీటి వాళ్లే.

వరస ఇళ్లు ఉమ్మడి గోడలతో ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. మూల మేడకి ఆ ఆసరా ఒక పక్కనే. రెండో పక్క కూడా వీధే కాబట్టి ఎండావానా నేరుగా గోడకే తగులుతాయి. బండి ఒరుసుకోకుండా మూలను ఏటవాలుగా కోసి, ఆ కోసిన చోటే కొట్టు గుమ్మం పెట్టేవారు. రెండు వీధుల బేరం ఒకే గుమ్మానికి! వీధిపోటు అని జంకేవాళ్లకి కూడా ఇది తీసిపారేసే లాభం కాదు.

పైకప్పు మాత్రం మద్రాసు టెర్రస్. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రావిన్సు ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోదే కదా, కట్టుబడీ అక్కడిదే. టేకు దూలాల మీద సన్న ఇటుకలను ఐమూలగా నిలబెట్టి పేర్చేవారు. వాటిపైన ఇటుక ముక్కలు కలిపిన సున్నం పరిచి, బెల్లం, కరక్కాయ నానిన నీళ్లు చల్లుతూ రోజుల తరబడి కొట్టి గట్టిపరిచేవారు. దగ్గర్లోని గోపాల్‌పూర్ రేవు నుంచి బర్మాలోని రంగూన్‌కి స్టీమర్లు నడిచిన కాలం అది. మన తాతల నోట్లో ఆ ఊరు ‘రంగం’. 1890లలో రైలు కూడా వచ్చాక బజారు పెరిగింది, దాంతోపాటు మలుపులో జాగాకి గిరాకీ.

తర్వాత వాటాలు పడ్డాయి, అద్దెలు పాతవే మిగిలాయి, రిపేర్లు సిమెంటుతో సాగాయి. అసలు చేటు ఇక్కడే. సున్నం గోడ తడిని పీల్చి మళ్లీ బయటికి వదులుతుంది. పైన సిమెంటు పూస్తే తడి లోపలే నిలిచిపోయి గోడ ఉప్పు పెట్టి పెచ్చులూడుతుంది, గోడలో దిగిన దూలం కొసలు పుచ్చిపోతాయి. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. అలాంటి గాలివానలు చూసే ఊళ్లో పుచ్చిన దూలం ఎన్నాళ్లు ఆగుతుంది?

రోడ్డు కోసం ముందు భాగం నాలుగడుగులు కొట్టేస్తే వరస ఇంటికి పోయేది అరుగు. మూల మేడకి రెండు వీధి గోడలూ కలిసే చోటే పోతుంది. దూలాలు ఏ గోడ మీద కూర్చున్నాయో పైకెక్కి చూడకుండా కింద నుంచే టేపు పెట్టి కొలిస్తే, మిగిలిన సగం దానంతట అదే కూలుతుంది.