పింఛనుదారు పోయాక ఆ నెల డబ్బు ఎవరిది?

ఆంధ్రప్రదేశ్‌లో ఒకటో తారీఖున తెల్లవారుతూనే వృద్ధాప్య పింఛన్లు పంచడానికి స్థానిక సచివాలయ ఉద్యోగి నోట్ల కట్టలు, ఫోను, వేలిముద్ర పరికరం పట్టుకుని ఇంటింటికీ తిరుగుతాడు. ఒక ఇంటి ముందు ఆగేసరికి జాబితాలో పేరు ఉంటుంది గాని మనిషి ఉండడు. వసారాలో కుర్చీ మీద పెట్టిన ఫొటోకు బంతిపూల దండ వేసి ఉంటుంది. అప్పుడు ఆ పేరు ఎదుట మరణించినట్టు నమోదు చేసి, నాలుగు వేలు పక్కన పెట్టి, పంచగా మిగిలిన మొత్తంతో కలిపి ప్రభుత్వ ఖాతాకు తిరిగి కడతాడు. ఇంట్లోవాళ్లు కూడా సాధారణంగా పేచీ పెట్టరు. మనిషితోపాటే పింఛనూ పోతుందన్నది అందరికీ తెలిసిన లెక్కే. అయితే ఈ లెక్క అన్ని పింఛన్లకూ ఒకటి కాదు.

ప్రభుత్వోద్యోగం చేసి విరమించినవారి పింఛను సంగతి వేరు. 1871 నాటి పింఛన్ల చట్టానికి 1980ల ఆరంభంలో ఒక సెక్షన్ చేర్చి, దాని కింద 1983లో నామినేషన్ నియమాలు తెచ్చారు. పింఛనుదారు చనిపోయేనాటికి అందవలసి ఉండి అందని సొమ్మును నామినీకి చెల్లించాలని ఆ నియమాలు చెబుతాయి. ట్రెజరీల్లో దీన్ని ‘లైఫ్ టైమ్ ఎరియర్స్’ అంటారు. దరఖాస్తుదారుల నోట అది ఎల్‌టీఏ. కేంద్ర నియమాల ప్రకారం మనిషి ఏ గంటకు కన్నుమూసినా ఆ రోజు పింఛను ఆయనదే, మర్నాటి నుంచి కుటుంబ పింఛను మొదలవుతుంది. మరణం తెలియక బ్యాంకు అదనంగా జమ చేస్తే తిరిగి రాబట్టుకోవడానికి వీలుగా పింఛనుదారు చేత ముందే హామీపత్రం రాయించుకుంటారు. రోజుల లెక్కతో సహా ఇంత పట్టింపు ఉండటానికి మూలం, ఆ పింఛను చేసిన సేవకు దక్కే హక్కు అన్న భావన. పింఛను ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదని, విశ్రాంత ఉద్యోగి నకారా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న స్పష్టంగా చెప్పింది కూడా.

వృద్ధాప్య పింఛను ఈ వరుసలోకి రాలేదు. వృద్ధాప్యంలో, అనారోగ్యంలో ప్రభుత్వ సహాయం అందాలని రాజ్యాంగం 41వ అధికరణం చెబుతుంది గాని, అది కోర్టుకు వెళ్లి సాధించుకోగలిగిన హక్కు కాదు, ఆదేశిక సూత్రం మాత్రమే. 1995 ఆగస్టు 15న జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం మొదలైనప్పుడు కేంద్రం వాటా నెలకు 75 రూపాయలు. 2006లో అది 200 అయింది. 80 ఏళ్లు దాటినవారికి 2011లో 500 చేశారు. తక్కినదంతా రాష్ట్రాలు కలిపి ఇస్తున్నదే. తెలంగాణలో ఆసరా పథకం కింద 2014లో వెయ్యి, 2019లో 2,016 రూపాయలు అయితే, ఆంధ్రప్రదేశ్‌లో 2014లో వెయ్యి, 2019 జనవరిలో రెండు వేలు, 2024 జూలైకి నాలుగు వేలు అయింది. మొత్తం ఎన్ని రెట్లు పెరిగినా దాని స్వభావం మారలేదు: ఇది బతికి ఉన్న మనిషికి ప్రభుత్వం అందించే ఆసరా, అతని తరువాత ఎవరికీ సంక్రమించేది కాదు.

ఆ మాటకొస్తే, ఒకప్పుడు దీనికీ ఒక రకమైన వారసత్వం ఉండేది. పింఛన్ల సంఖ్యకు పరిమితి ఉన్న రోజుల్లో ఊరికి ఇన్ని అని లెక్క కట్టి ఉండటంతో, ఉన్నవాళ్లలో ఒకరు పోతే తప్ప కొత్త పేరు చేరేది కాదు. పోయినవారి పింఛనుకు వారసుడు కొడుకూ కాదు, భార్యా కాదు. దరఖాస్తు పెట్టుకుని వరుసలో కూర్చున్న మరో ముసలివారు. రచ్చబండ దగ్గర ఎవరి ఆరోగ్యం ఎలా ఉందన్న ఆరాకు అప్పట్లో ఇంకో అర్థం కూడా ఉండేదనడం మోటుగా ఉంటుంది గాని, అబద్ధం కాదు. దీనివల్ల ఒక మేలు లేకపోలేదు: ఖాళీ కోసం కాచుకున్నవాడే మరణవార్తను ముందుగా కార్యాలయానికి చేరవేసేవాడు. పరిమితి పోయి అర్హులందరికీ పింఛను అన్న విధానం వచ్చాక, చనిపోయినవారి పేరు తీయించాలన్న తొందర ఊళ్లో ఎవరికీ లేకుండా పోయింది.

చెల్లింపు కూడా ఆ రోజుల్లో కాగితం మీదే నడిచేది. పోస్ట్‌మ్యాన్ తెచ్చే మనియార్డరు ఫారం మీదనో, పంచాయతీలో డబ్బు ముట్టినట్టు రాసే అక్విటెన్స్ రిజిస్టరులోనో సిరా వేలిముద్ర వేస్తే సరిపోయేది. ఆ ముద్ర ఎవరి బొటనవేలిదో పోల్చి చూసే ఏర్పాటు లేదు గనుక, పోయినవారి పేరు మీద మరికొన్ని నెలలు డబ్బు వెళ్లడానికి పెద్ద కుట్ర అక్కరలేదు. చూసీ చూడనట్టు ఊరుకునే ఒక్క మనిషి చాలు. ఈ సందును మూయడానికే ఉమ్మడి రాష్ట్రంలో వేలిముద్రలతో ముడిపెట్టిన స్మార్ట్‌కార్డులు వచ్చాయి. వాటి ఫలితాన్ని తేల్చడానికి 2010 నుంచి 2012 దాకా 8 జిల్లాల్లో, నూట యాభైకి పైగా మండలాల్లో ఆర్థికశాస్త్రవేత్తలు జరిపిన అధ్యయనంలో, అసలే ఆరు శాతం దగ్గర ఉన్న పింఛను లీకేజీ దాదాపు సగానికి తగ్గినట్టు తేలింది. తరువాత ఆధార్ వచ్చింది, కంటిపాపను పోల్చి చూసే ఐరిస్ వచ్చింది. 2020 ఫిబ్రవరి నుంచి ఆంధ్రప్రదేశ్‌లో వాలంటీర్లు ఇంటికే తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టారు. 2024 జూలై నుంచి ఆ పని సచివాలయ సిబ్బందిది. వేలిముద్రే రసీదు అయినప్పుడు, వేలు లేకపోతే రసీదూ ఉండదు. దీనికి ఇంకో ముఖం ఉంది. చెల్లింపు ఆలస్యమై, మనిషి బతికి ఉన్న నెల డబ్బు అందేలోపే ఆ మనిషి పోతే, ఎల్‌టీఏ లాంటి ఏర్పాటు లేనందువల్ల ఆ నెలా వెనక్కే పోతుంది.

పింఛను నేరుగా బ్యాంకు ఖాతాలో పడే రాష్ట్రాల్లో కథ ఇంకోలా ఉంది. మనిషి పోయిన సంగతి ఎవరో వచ్చి చెబితే తప్ప ఖాతాకు తెలియదు. ఏటీఎం కార్డుకు కార్యదర్శి ఎదుట నిలబడాల్సిన పని లేదు. 2017-18 నుంచి 2020-21 వరకు ఈ పథకాలను పరిశీలించి, ప్రభుత్వ ఖర్చులను ఆడిట్ చేసే కాగ్ 2023లో ఇచ్చిన నివేదిక, 26 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో 2,103 మందికి మరణం తరువాత కూడా సుమారు రెండు కోట్ల రూపాయలు చెల్లించినట్టు లెక్క తేల్చింది. అంటే తలకు పది వేల లోపే. తనిఖీ చేసిన నమూనాలో బయటపడిన సంఖ్య ఇది గనుక మొత్తం దేశానికి ఇదే కొలత అనుకోకూడదు. అయినా ‘చచ్చినవాళ్ల పేరుతో కోట్లు’ అన్న శీర్షికలు చదివేటప్పుడు ఈ తలసరి లెక్కను పక్కన పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం.

మరణం నమోదు కావడానికి చట్టం ఇచ్చిన గడువు 21 రోజులు. ఇంట్లో పెద్దకర్మ అయ్యేదాకా పంచాయతీ కార్యాలయం గుర్తుకు రాదు. ఈ రెండింటి మధ్య ఒకటో తారీఖు వచ్చేస్తుంది. మరణాల రిజిస్టరుకూ పింఛను జాబితాకూ నేరుగా సంబంధం లేకపోవడం చాలాకాలం సాగిన లోపం. ఆధార్ సంస్థ ఈ మధ్యనే, జనన మరణాల నమోదు చూసే రిజిస్ట్రార్ జనరల్ నుంచి మరణాల వివరాలు తీసుకుని, 2025 జూలై నాటికి 1.17 కోట్ల నంబర్లను నిలిపివేసింది.

ఇంతవరకూ చెప్పింది ప్రభుత్వం వైపు నుంచి కనిపించే సమస్య. ఇంటి వైపు నుంచి చూస్తే అసలు చిక్కు మరొకటి. కొద్ది మినహాయింపులు తప్పితే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంటికి ఒకే పింఛను. భార్యాభర్తలిద్దరికీ వయసు వచ్చినా డబ్బు వచ్చేది ఒకరి పేరు మీదే, తినేది ఇద్దరూ. ఆ పేరు గల మనిషి పోతే, లెక్కల్లో ఒక పింఛను తగ్గుతుంది. ఇంట్లో మాత్రం ఉన్న ఒక్క రాబడీ ఆగిపోతుంది. భార్య వితంతు పింఛనుకు కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో కొంతకాలం కొత్త మంజూరులు ఏడాదికి రెండు విడతలుగానే జరిగాయి గనుక, అదను తప్పితే నెలల తరబడి ఎదురుచూపే. మరణాన్ని దాచడంలో దురాశ ఎంతో, ఈ ఖాళీ నెలల భయం ఎంతో విడదీసి చెప్పడం కష్టం.

భర్త పింఛను తీసుకుంటూ చనిపోతే మరుసటి నెల నుంచే భార్యకు ఇచ్చే ‘స్పౌజ్’ విభాగాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 నవంబరు నుంచి జరిగిన మరణాలకు వర్తింపజేసింది. తొలి చెల్లింపులు ఆ ఏడాది డిసెంబరు 31న జరిగాయి. 2023 డిసెంబరుకూ 2024 అక్టోబరుకూ మధ్య భర్తలు పోయినవారిని 2025లో చేర్చారు. ఇందుకు అడిగేది భర్త మరణ ధ్రువపత్రం, ఆధార్ లాంటి కొద్దిపాటి కాగితాలే గనుక, మరణాన్ని వెంటనే నమోదు చేయించడంలో ఇంటికి మొదటిసారిగా లాభం కనిపించింది. ఇన్నేళ్లుగా వేలిముద్రలతో చేయించాలనుకున్న పనిలో కొంత ఈ చిన్న నిబంధనతోనే జరుగుతోందనిపిస్తుంది.

ఇంటికి ఆధారమైన మనిషి పోతే కేంద్రం ఇచ్చే 20 వేల రూపాయల కుటుంబ ప్రయోజనం మాత్రం ఈ ఇళ్లకు అందదు. పోయినవారి వయసు 18కీ 59కీ మధ్య ఉండాలన్నది దాని నిబంధన. అరవై దాటి పింఛను తీసుకుంటున్న మనిషి ఆ లెక్కలో ఇంటికి ఆధారం కాదు. స్పౌజ్ పింఛను కూడా భర్తను కోల్పోయిన భార్యకే. పింఛను భార్య పేరు మీద ఉండి ఆమె ముందు పోతే, మిగిలిన ముసలాయన మొదటి నుంచి దరఖాస్తు పెట్టుకోవలసిందే.