తీపిని ఏ వాల్వ్‌కి అప్పగించాలి?

తోతాపురి సీజన్ వచ్చిందంటే బంగారుపాళ్యం వైపు రోడ్ల మీద మామిడికాయల ట్రాక్టర్లే. చిత్తూరు జిల్లాలో పండే ఆ కాయ చాలావరకు పల్ప్ ఫ్యాక్టరీలకే పోతుంది. కొంత గుజ్జుగానే డ్రమ్ముల్లోకి ఎక్కుతుంది, కొంత నీరు ఆవిరి చేశాక చిక్కటి కాన్సన్‌ట్రేట్‌గా. ఈ కాన్సన్‌ట్రేట్ సాధారణంగా 28 బ్రిక్స్ ఉంటుంది. అంటే వంద గ్రాముల్లో కరిగి ఉన్న పదార్థం, ముఖ్యంగా చక్కెర, దాదాపు 28 గ్రాములన్నమాట.

దీన్ని మళ్లీ నీళ్లతో పలచన చేయాలంటే రెండు వాల్వ్‌లు కావాలి. ఒకటి కాన్సన్‌ట్రేట్‌కి, ఇంకొకటి నీళ్లకి. అదుపులో ఉంచాల్సినవీ రెండే: గంటకు వచ్చే మొత్తం సరుకు, దాని బ్రిక్స్. మీటర్ చూసి ఒక్కో వాల్వ్‌ని తిప్పే పరికరమే కంట్రోలర్. మరి ఏ వాల్వ్‌కి ఏ పని? తీపి ఉన్నది కాన్సన్‌ట్రేట్‌లో కాబట్టి బ్రిక్స్ దానికే ఇవ్వాలని ఎవరికైనా అనిపిస్తుంది. అది అన్నిసార్లూ నిజం కాదు.

గంటకు 1000 కిలోలు, 21 బ్రిక్స్ కావాలనుకుందాం. 750 కిలోల కాన్సన్‌ట్రేట్, 250 కిలోల నీళ్లు పడతాయి. ఇక్కడ మొత్తాన్ని నీళ్ల వాల్వ్‌కి, బ్రిక్స్‌ని కాన్సన్‌ట్రేట్ వాల్వ్‌కి ఇచ్చామనుకోండి. సరుకు 10 కిలోలు తగ్గింది, నీళ్ల వాల్వ్ 10 కిలోలు ఎక్కువ వదిలింది. బ్రిక్స్ పడిపోయింది. దాన్ని నిలబెట్టడానికి రెండో కంట్రోలర్ 30 కిలోల కాన్సన్‌ట్రేట్ ఎక్కువ వదిలింది. మనం అడిగింది 10, వచ్చింది 40. ఒక్కో కంట్రోలర్‌ని విడిగా ఆటోలో, అంటే దానంతట అదే నడిచేలా, పెట్టి చూస్తే బుద్ధిగా నడుస్తుంది. రెండూ ఆటోలోకి వచ్చాకే ఊగిసలాట మొదలవుతుంది. అప్పుడు పాపం తిట్లన్నీ వాల్వ్‌కి, మీటర్‌కి!

జతలు మార్చి చూడండి. కాన్సన్‌ట్రేట్ 10 కిలోలు పెరిగితే దాని వెనక వచ్చే నీళ్లు మూడు కిలోల పైచిలుకే. అంటే ఇక్కడ తీపిని కాయాల్సింది చుక్క తీపి లేని నీళ్లే.

అడిగినదాన్ని వచ్చినదాంతో భాగించి చూడమని 1966లో ఎడ్గర్ బ్రిస్టల్ అనే ఇంజనీరు చెప్పాడు. ఈ నిష్పత్తి పేరు రిలేటివ్ గెయిన్. మొదటి జతకి 0.25, రెండో జతకి 0.75. మీటర్, కంట్రోలర్, వాల్వ్ కలిస్తే ఒక లూప్. నిష్పత్తి ఒకటికి ఎంత దగ్గరగా ఉంటే పక్క లూప్ పోరు అంత తక్కువ. అదే 7 బ్రిక్స్ చేయాలంటే నీళ్లే 750 కిలోలు, లెక్క తిరగబడుతుంది. మన మొదటి ఊహ అక్కడ సరిగ్గా సరిపోతుంది. ఎక్కువగా పారేది మొత్తాన్ని చూసుకోవాలి, తక్కువగా పారేది బ్రిక్స్‌ని.

చిక్కంతా 14 బ్రిక్స్ దగ్గర. రెండూ చెరి సగం కాబట్టి ఎటు జత కట్టినా 0.5. పైగా ఈ అంకెకి కాలం సంగతి తెలియదు. ఫ్లోమీటర్ వెంటనే చెబుతుంది, బ్రిక్స్ చూసే రిఫ్రాక్టోమీటర్ కలిసిన సరుకు తన దాకా వచ్చాకే చెబుతుంది. అందుకే ఫ్లో లూప్‌ని చురుగ్గా, బ్రిక్స్ లూప్‌ని నెమ్మదిగా సెట్ చేస్తారు.

వాల్వ్‌లతో నేరుగా మాట్లాడటం మానేస్తే ఈ గొడవ చాలావరకు పోతుంది. ఒక కంట్రోలర్ మొత్తం ఎంతో చెప్పాలి, రెండోది అందులో కాన్సన్‌ట్రేట్ వాటా ఎంతో చెప్పాలి. ఆ రెండు అంకెల నుంచి ఏ పైపులో ఎంత పారాలో కంప్యూటర్ లెక్కగడుతుంది. మొత్తం మారినా వాటా మారదు, కాబట్టి 7కైనా 21కైనా జతలు మార్చే పని లేదు. కాకపోతే రెండు పైపులకూ నమ్మదగిన ఫ్లోమీటర్లు ఉండాలి.