మాస్కో పొగ వెనుక కాలువలు

2010 ఆగస్టు మొదట్లో మాస్కోలో క్రెమ్లిన్ గోపురాలు పొగలో కలిసిపోయాయి. అంతకు కొద్ది రోజుల ముందు, జూలై 29న, నగరంలో 38.2 డిగ్రీల ఎండ కాసింది. అక్కడ అంత వేడి అంతకుముందెన్నడూ నమోదు కాలేదు. రోజుకు 360–380 ఉండే మరణాలు దాదాపు 700కు చేరాయని ఆగస్టు 9న నగర ఆరోగ్యశాఖ అధిపతే ఒప్పుకున్నారు. ఎండ ఆ ఏడాదిదే. పొగ మాత్రం తొంభై ఏళ్ల నాటి బాకీ.

మాస్కోకు తూర్పున షతూరా పట్టణం చుట్టూ ఉన్నది పీట్ నేల. ఆ పొగలో చాలా భాగం ఇలాంటి నేలలు కాలగా వచ్చిందే. మన నర్సరీల్లో వాడే కోకోపీట్ పేరులోని పీట్ ఇదే; కొబ్బరిపొట్టు దానికి బదులుగా వచ్చిన సరుకు. నీళ్లు నిలిచి గాలి ఆడని చోట నాచు, తుంగ పూర్తిగా కుళ్లవు. వేల ఏళ్లు అలా పేరుకుంటే పీట్ అవుతుంది. ఏడాదికి మిల్లీమీటరు పెరిగితే గొప్ప. తడి పీట్ బరువులో పదింట తొమ్మిది వంతులు నీళ్లే. పైపొర వదులుగా ఉంటుంది, నీటిమట్టం అందులోనే ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. కింది పొర ఎప్పుడూ తడిగానే ఉంటుంది, అందులో నీరు కదిలీ కదలనట్టు కదులుతుంది. నీటిని బయటికి లాగే కాలువ తవ్వితే ఈ అమరికే చెడుతుంది. గాలి లోపలికి దిగుతుంది, నేల కుంగుతుంది. బాగా ఎండిపోయిన పీట్ వాన పడినా తొందరగా తడవదు.

మరి ఎందుకు తవ్వారు? ఈ నేలల్లో రాబర్ట్ క్లాసన్ అనే ఇంజనీరు పీట్‌తో నడిచే విద్యుత్ కేంద్రాన్ని 1914 నాటికే నడిపించాడు. విప్లవం తర్వాత అంతర్యుద్ధంలో దోన్‌బాస్ బొగ్గు, బాకూ చమురు అందకుండా పోయాయి. చలికి వణుకుతున్న రాజధానికి పక్కనే దొరికే ఇంధనం ఇదొక్కటే. అప్పటికి ఆ నిర్ణయాన్ని తప్పు పట్టలేం. 1920లో దేశమంతటికీ విద్యుదీకరణ ప్రణాళిక వచ్చింది, 1925లో షతూరాలో లెనిన్ పేరిట పెద్ద కేంద్రం మొదలైంది. క్లాసన్ పద్ధతిలో పీట్‌ను నీటిధారతో కొట్టి, బురదగా చేసి, గొట్టాల్లో పంపి ఆరబెట్టేవారు. తర్వాత యంత్రాలు వచ్చి, నేలను పలచటి పొరలుగా గీకి ఎండలో ఆరబెట్టడం మొదలైంది. అందుకు పొలమంతా వరస కాలువలు కావాలి.

తెలియక చేశారనడానికి మాత్రం లేదు. లెనిన్‌గ్రాడ్‌లోని ప్రభుత్వ జలశాస్త్ర సంస్థలో కాన్‌స్తాంతిన్ ఇవానోవ్ లాంటివాళ్లు ఈ నేలల్లో నీటి కదలికను లెక్కలు కట్టి చూపారు. ఆ రంగంలో వాళ్లదే పైచేయి. అదే ప్రభుత్వం మరో చేత్తో కాలువలు తవ్వుతూ పోయింది.

సైబీరియా గ్యాస్ వచ్చాక పీట్‌కు గిరాకీ పడిపోయింది. 1991 తర్వాత తవ్వకం సంస్థలు చాలావరకు మూతపడ్డాయి. కాలువలకు ఆ సంగతి తెలియదు కదా, నీటిని లాగుతూనే ఉన్నాయి. 1972లోనూ 2002లోనూ పొగ మాస్కోను కమ్మింది. పీట్ మంట దాలిలో పిడకలా రాజుకుంటుంది. పైకి కనబడకుండా నేల లోపల నెలల తరబడి పాకుతుంది, మంచు కురిసినా ఒక్కోసారి ఆరదు. 2010లో సైనికులు పైపులైన్లు వేసి మరీ నీళ్లు తెచ్చి పోశారు. శతాబ్దం పాటు తోడేసిన నీటిని వేసవి మధ్యలో తిరిగి నింపాలంటే అంతకంటే దారి లేకపోయింది.

అప్పుడు మొదలైంది తిరిగి తడపడం. కాలువలకు అడ్డుకట్టలు వేసి నీటిమట్టాన్ని పైకి తేవాలి. మాస్కో ప్రాంతంలో 2010–13 మధ్య 70 వేల హెక్టార్లకు పైగా ఈ పని చేశారు. కానీ పీట్ తవ్వేసిన నేలల్లో సోవియట్ కాలంలోనే కార్మికులకు ఆరేసి వందల చదరపు మీటర్ల చొప్పున తోటస్థలాలు ఇచ్చారు. అక్కడిప్పుడు చిన్న ఇళ్లు, బంగాళాదుంప మళ్లు, నేలమాళిగలు ఉన్నాయి. పక్క కాలువకు కట్ట వేస్తే ఆ మాళిగల్లోకి నీళ్లు వస్తాయి. షతూరా కేంద్రం ఇప్పుడు ప్రధానంగా గ్యాస్‌తో నడుస్తోంది.