పురిటి నొప్పులు: అపోహలు - వాస్తవాలు

అపోహ: నొప్పులు మొదలైతే కాన్పు అయ్యేదాకా తెరపి ఉండదు.

వాస్తవం: ఉంటుంది. గర్భసంచి బిగుసుకున్నంతసేపే నొప్పి. బాగా ముదిరాక కూడా ఒక్కో నొప్పి సాధారణంగా 60 నుంచి 90 సెకన్లలో వదిలేస్తుంది. ఆ తెరపిలోనే గర్భసంచి మెత్తబడి బిడ్డకు రక్తం బాగా అందుతుంది. అప్పుడు దవడ, భుజాలు వదులు చేయండి, ఓ గుక్క నీళ్లు తాగండి. తెరపే లేకుండా పొట్ట రాయిలా గట్టిగా ఉండిపోయినా, రక్తం పోతున్నా మాయ (బిడ్డకు రక్తం అందించే ప్లాసెంటా) ముందే విడిపోతుండవచ్చు. క్షణం ఆగకుండా చూపించుకోవాల్సిన నొప్పి అది.

అపోహ: ఎంత వేగంగా ఊపిరి తీస్తే అంత మంచిది.

వాస్తవం: అలా తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి పెదాలు, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెడుతూ నోటితో వదలండి. మూలుగు వస్తే రానివ్వండి, దాన్ని ఆపుకోనక్కర్లేదు.

అపోహ: వెల్లకిలా పడుకుని కదలకుండా ఉండాలి.

వాస్తవం: అలా పడుకుంటే గర్భసంచి బరువు పెద్ద రక్తనాళాల మీద పడి బీపీ తగ్గవచ్చు. నడవండి, ముందుకు వాలి నిలబడండి, పడుకోవాలనిపిస్తే పక్కకు తిరగండి. నొప్పంతా నడుములోనే ఉంటే, అది వచ్చినప్పుడల్లా తోడున్నవాళ్లు అరచేతిలో మణికట్టు దగ్గరి భాగంతో పిరుదుల పైనున్న ఎముకను గట్టిగా నొక్కి పట్టుకోవాలి. రుద్దడం కన్నా ఇదే ఎక్కువ ఊరటనిస్తుంది. మూత్రం నిండి ఉన్నా నొప్పి పెరుగుతుంది, రెండు గంటలకోసారైనా వెళ్లి రండి.

అపోహ: ఎపిడ్యూరల్ (పురిటి నొప్పి తెలియకుండా నడుము దగ్గర ఇచ్చే మందు) తీసుకుంటే సిజేరియన్ తప్పదు, నడుం నొప్పి జీవితాంతం ఉండిపోతుంది.

వాస్తవం: ఈ రెండూ నిజం కావు. ఈ భయంతోనే ఎంతోమంది తల్లులు అనవసరంగా బాధ పడుతున్నారు. వెన్నుపాము ముగిసిన చోటుకు కిందుగా, నడుము దగ్గర సూదితో సన్నని గొట్టం పెట్టి సూది తీసేస్తారు. మందు ఆ గొట్టంలోంచి వెళుతుంది, సుమారు 15 నుంచి 20 నిమిషాల్లో పనిచేస్తుంది. కాన్పు తర్వాత నడుం నొప్పి ఎపిడ్యూరల్ తీసుకోనివాళ్లకూ వస్తుంది.

ఇబ్బందులు అసలే లేవనీ కాదు. బీపీ పడిపోవచ్చు, వణుకు, దురద, జ్వరం రావచ్చు, మూత్రం పోయడం కష్టం కావచ్చు, బిడ్డ బయటికి రావడానికి ముక్కే దశ కొంత సాగవచ్చు. సుమారు వందలో ఒకరికి, లేస్తే పెరిగి పడుకుంటే తగ్గే తలనొప్పి వస్తుంది, దానికి చికిత్స ఉంది. ఒకపక్కే మొద్దుబారితే వెంటనే చెప్పండి, గొట్టాన్ని కాస్త వెనక్కి లాగి సరిచేస్తారు. ప్లేట్‌లెట్లు బాగా తక్కువున్నవాళ్లకు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు ఇది కుదరకపోవచ్చు. అందుకే నెలలు నిండకముందే మత్తు డాక్టరుతో మాట్లాడి ఉంచుకోవడం మేలు.

అపోహ: నొప్పి బాగా పెరిగాక నొప్పి తగ్గించే గ్యాస్ పీలిస్తే చాలు.

వాస్తవం: సగం నైట్రస్ ఆక్సైడ్, సగం ఆక్సిజన్ ఉండే ఈ గ్యాస్ పనిచేయడానికి దాదాపు అర నిమిషం పడుతుంది. కాబట్టి పొట్ట బిగుసుకోవడం మొదలవగానే పీల్చాలి. మాస్కు తల్లి చేతిలోనే ఉండాలి, ఇంకెవరూ పట్టుకోకూడదు. మత్తు ఎక్కువైతే చెయ్యి దానంతటదే జారిపోతుంది.