హోర్న్‌లో కూన్ విగ్రహం: ‘ఆ కాలమే అంత’ అంటే సరిపోతుందా?

నెదర్లాండ్స్‌లోని హోర్న్ ఊళ్లో, నాలుగు వందల ఏళ్ల కిందటి డచ్చి కంపెనీ పాలకుడు యాన్ పీటర్‌జోన్ కూన్ విగ్రహం గొడవ మళ్లీ రాజుకుంది. ఉంచాలనేవాళ్లు, తీసెయ్యాలనేవాళ్లు, ఉంచి పక్కన ఇంకో బోర్డు పెడితే పోలా అనేవాళ్లు. మనుషులు మారారు కానీ మాటలు పాతవే.

తూర్పు దేశాలతో మసాలాల వ్యాపారం చేసిన, సొంత సైన్యం కూడా ఉన్న డచ్చి ఈస్టిండియా కంపెనీ ఎలా పుట్టింది, ఎంత ఎదిగింది అన్నది చాలామందికి తెలిసిన కథే కాబట్టి దాని జోలికి వెళ్లను. హోర్న్ ఆ కంపెనీ ఆరు శాఖల్లో ఒకటి. దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్‌కు 1616లో ఆ పేరొచ్చింది ఈ ఊరి మీదే. కూన్ 1587లో ఇక్కడ పుట్టి, కంపెనీకి తూర్పు దేశాల్లో గవర్నర్ జనరల్ అయ్యాడు. 1619లో జావా దీవిలోని జయకర్త పట్టణాన్ని పడగొట్టి, ఇప్పటి జకార్తా ఉన్నచోట బటావియా కట్టాడు. 1629లో అక్కడే చనిపోయాడు. పుట్టిన ఊళ్లో విగ్రహం పెట్టడానికి ఇంతే కారణమైతే గొడవే లేదు.

గొడవంతా 1621లో బండా దీవుల్లో కూన్ సాగించిన ఊచకోత గురించి. విగ్రహాన్ని వెనకేసుకొచ్చేవాళ్లు ఎప్పుడూ అనే మాట ఒకటుంది: ఆ కాలమే అంత, అప్పటి మనిషిని ఇప్పటి కొలతలతో కొలవకూడదు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. అందుకే అప్పటి కొలతలు ఏమిటో చూద్దాం.

బండా అంటే ఇండోనేషియా తూర్పున, సముద్రం మధ్యలో ఉన్న చిన్న దీవుల గుంపు. జాజికాయ, జాపత్రి ఆ రోజుల్లో ప్రపంచం మొత్తం మీద అక్కడ తప్ప ఇంకెక్కడా పండేవి కావు. మన బిర్యానీ మసాలాలో పడే ఆ రెండూ ఒకే చెట్టు కాయలోవి. గింజ జాజికాయ, గింజను అంటుకుని ఉండే ఎర్రటి వల లాంటి పొర జాపత్రి. దీవుల్లో రాజు లేడు. ‘ఒరాంగ్ కాయా’ అనే ఊరి పెద్దలు కూర్చుని వ్యవహారాలు తేల్చేవారు. 1602 నుంచి డచ్చివాళ్లు ఆ పెద్దలతో ఒప్పంద పత్రాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. జాజికాయ మాకే అమ్మాలి, ఇంకెవరికీ అమ్మకూడదు అన్నది వాటి సారాంశం. సంతకం చేసినవాళ్లకు ఆ భాష ఎంత అర్థమైంది, అందరు పెద్దలూ ఒప్పుకున్నారా అన్నవి వేరే ప్రశ్నలు.

అసలు చిక్కు ఒప్పందంలో కన్నా సరుకులో ఉంది. దీవుల్లో తిండిగింజలు సరిగా పండవు. వాళ్లకు కావలసింది బియ్యం, సగ్గు, కట్టుకునే నూలు బట్ట. జావా వాళ్లు, మలయా వాళ్లు, తర్వాత ఇంగ్లీషువాళ్లు అవి తెచ్చి ఇచ్చేవారు. డచ్చివాళ్లు మొదట్లో తెచ్చింది యూరప్ ఉన్ని బట్ట. ఉక్కపోసే దీవుల్లో దాన్నేం చేసుకుంటారు? దీవుల్లో చెల్లేది మన తీరం నూలు బట్టేనని డచ్చివాళ్లకు తెలిసొచ్చింది. 1605లో వాళ్లు మచిలీపట్నంలో దిగి, గోల్కొండ సుల్తాను ఫర్మానా తీసుకుని గిడ్డంగి పెట్టడం వెనక ఉన్న కారణాల్లో ఇదొకటి. తర్వాత నిజాంపట్నం, పులికాట్. బందరు నేతగాళ్ల బట్ట ఇచ్చి జాజికాయ తీసుకోవడమే వాళ్ల లెక్క. బందరులో వలందపాలెం అనే పేట ఇప్పటికీ ఉంది. వలందులు అంటే హాలెండు వాళ్లే. బండా కథ మనకు మరీ దూరపుదేం కాదు.

కానీ సరుకు సమయానికి అందేది కాదు, ధరా గిట్టేది కాదు. బండా వాళ్లు పాత బేరగాళ్లకే అమ్ముకున్నారు. దాన్ని డచ్చివాళ్లు ఒప్పందం తప్పడం అన్నారు. 1609లో మాట్లాడుకుందామని పిలిచి డచ్చి అడ్మిరల్ వెర్హూఫ్‌ను, అతని వెంట వెళ్లినవాళ్లను బండా వాళ్లు చంపేసిన మాట నిజం. ఆ నౌకాదళంలో కుర్ర ఉద్యోగిగా కూన్ కూడా ఉన్నాడు. పన్నెండేళ్ల తర్వాత అతను చేసిందానికి పగ ఒక కారణమని అతని తరఫువాళ్లు అనేది దీన్ని బట్టే.

నా దృష్టిలో అసలు మలుపు యుద్ధం కాదు. యుద్ధం అయిపోయాక జరిగింది.

1621లో కూన్ పెద్ద నౌకాదళంతో వచ్చి, మార్చిలో పెద్ద దీవి లొంథోర్‌ను కొద్ది రోజుల్లోనే పట్టేశాడు. అతని వెంట డచ్చి సైనికులతోపాటు జపాన్ నుంచి తెచ్చిన కిరాయి కత్తివీరులూ ఉన్నారు. పెద్దలు లొంగిపోయారు, ఆయుధాలు ఇచ్చారు, కొందరు పిల్లల్ని పూచీగా అప్పగించారు. అక్కడితో ఆగి ఉంటే ఇది అప్పటి వందల యుద్ధాల్లో ఒకటిగా మిగిలిపోయేది. సెలమోన్ అనే ఊళ్లో డచ్చి అధికారి సోంక్ మసీదును తన బసగా చేసుకున్నాడు. ఊరి పెద్దలు వద్దని ఎంత మొత్తుకున్నా వినలేదు. ఏప్రిల్‌లో ఒక రాత్రి, ఆ మసీదులో వేలాడుతున్న దీపం ఊడి కింద పడింది. చీకట్లో ఆ చప్పుడుకి సోంక్ హడలిపోయి, ఇది మన మీద దాడికి సైగ అని అరిచాడు. సైనికులు చీకట్లోకి తుపాకులు కాల్చారు. పొద్దున్నే అది ‘కుట్ర’ అయింది. పెద్దల్ని పట్టుకుని చిత్రహింసలు పెట్టి కుట్ర ఒప్పించారు.

1621 మే 8న, బండాలో డచ్చివాళ్లు కట్టుకున్న నస్సౌ కోట దగ్గర వెదురు దడి కట్టి, 44 మంది పెద్దల్ని అందులోకి తోలారు. ఆరుగురు జపాన్ కత్తివీరులు వాళ్లను నరికారు. ఇదంతా కళ్లారా చూసిన డచ్చి నౌకా అధికారి ఒకడు రాసిపెట్టాడు. ఆ పెద్దల్లో ఒకాయన డచ్చి భాషలోనే అడిగాడట: “అయ్యలారా, దయ అనేదే లేదా?” చివర్లో ఆ అధికారి, ఎవరిది న్యాయమో దేవుడికే తెలుసు, క్రైస్తవులమైన మా అందరికీ ఈ పని చూసి గుండె చెదిరింది, ఇలాంటివి మాకు ఇష్టం కాలేదు అని రాశాడు.

ఇది 2020లో విగ్రహం తీసెయ్యాలని ప్లకార్డు పట్టుకున్న కుర్రాడు అన్న మాట కాదు. 1621లో, కూన్ కింద జీతం తీసుకుంటున్నవాడు అన్నది.

అతనొక్కడే కాదు. ఆర్టుస్ హైసెల్స్ అనే మరో కంపెనీ ఉద్యోగి ఇంకా తెగించి రాశాడు: వాళ్లు తమ నేల స్వేచ్ఛ కోసం పోరాడారు, మనం ఇన్నేళ్లుగా ఆస్తులు, ప్రాణాలు పెట్టి పోరాడుతున్నట్టే. స్పెయిన్ రాజు మీద తిరగబడి సొంత దేశం కట్టుకున్న డచ్చివాళ్లకు ఆ పోలిక ఎక్కడ గుచ్చుకుంటుందో అతనికి తెలుసు. స్పెయిన్‌తో పన్నెండేళ్ల సంధి ముగిసింది కూడా సరిగ్గా ఆ ఏప్రిల్‌లోనే. ఈ హైసెల్స్ తర్వాత అదే ప్రాంతంలోని అంబోన్ దీవికి కంపెనీ గవర్నర్ అయ్యాడు కాబట్టి గిట్టనివాడి మాట అని కొట్టిపారేయడానికి లేదు. కంపెనీ డైరెక్టర్లు సైతం ఇంత కఠినంగా కాకుండా చేసి ఉండాల్సింది అని మందలించారు. మందలించి, 3,000 గిల్డర్ల (అప్పటి డచ్చి డబ్బు) బహుమానం ఇచ్చారు.

చంపినవాళ్లు, కొండల మీద ఆకలితో పోయినవాళ్లు, పారిపోయినవాళ్లు, ఓడలెక్కించి బటావియాకు పంపినవాళ్లు అందరూ పోను, సుమారు 15,000 మందిలో దీవుల్లో మిగిలింది వెయ్యి మంది దాకా అన్నది సాధారణంగా చెప్పే లెక్క. ఖాళీ అయిన తోటల్ని ముక్కలు చేసి డచ్చివాళ్లకు పంచారు. పనికి బానిసల్ని తెచ్చారు. 1620లలో కరువు, యుద్ధాలతో చితికిన మన కోరమండల్ తీరం నుంచి కూడా కంపెనీ మనుషుల్ని కొని అటువైపు ఎక్కించింది. ముందు బట్ట వెళ్లిన దారిలోనే వాళ్లూ వెళ్లారు.

ఇక విగ్రహం సంగతి. వాదించుకునేవాళ్లు 1621కీ ఇవాళ్టికీ మధ్య ఏమీ లేనట్టు మాట్లాడతారు. కానీ ఈ విగ్రహం కూన్ కాలంది కాదు. ప్రతిష్ఠించింది 1893లో, మే 30న. జయకర్త కూలింది 1619 మే 30న, అందుకే ఆ తేదీ. నెదర్లాండ్స్ అప్పటికి ఇరవై ఏళ్లుగా సుమత్రాలోని అచే రాజ్యంతో తెగని యుద్ధంలో ఉంది. తూర్పున మనదే పైచేయి అని చాటే వీరుడొకడు కావలసి వచ్చాడు.

పెట్టినవాళ్లకు బండా సంగతి తెలియదా అంటే బాగా తెలుసు. 1886లో, అంటే ఏడేళ్ల ముందే, బటావియాలో ఉన్న డచ్చి చరిత్రకారుడు వాన్ డెర్ హైస్ కంపెనీ పాత రికార్డులు తిరగేసి బండా ఆక్రమణ మీద పుస్తకం వేశాడు. కూన్ పేరుకి రక్తం అంటుకుని ఉందన్నాడు. ఇప్పటికే విగ్రహం పెట్టి ఉండకపోతే ఇక ఎవరైనా పెడతారా అన్నది అనుమానమే అని కూడా అన్నాడు. ఆయన మాట్లాడింది 1876లో బటావియాలో నిలబెట్టిన విగ్రహం గురించి. హోర్న్ వాళ్లు తెలిసే రెండోది పెట్టారు. ‘ఆ కాలమే అంత’ అన్న వాదన నాకు ఇక్కడ పూర్తిగా తేలిపోయినట్టు కనిపిస్తుంది. 1621లోనూ తప్పన్నవాళ్లున్నారు, 1893కి ముందూ ఉన్నారు.

బటావియా విగ్రహాన్ని 1943లో జపాన్ ఆక్రమణ ప్రభుత్వం పడగొట్టింది. పెద్దల్ని నరికింది జపాన్ కత్తులే, విగ్రహాన్ని కూల్చిందీ జపానే.

హోర్న్‌లోది మాత్రం రోడె స్టేన్ చౌరస్తాలో నిలిచి ఉంది. ఆ పేరుకి అర్థం ఎర్ర రాయి. ఒకప్పుడు మరణశిక్షలు అమలు చేసిన చోటు అది. 2011లో విగ్రహం తీసెయ్యమని ఊరివాళ్లు కొందరు పిటిషన్ పెడితే కౌన్సిల్ కుదరదంది. కొత్త ఫలకం మాత్రం పెడతామంది. తమాషా ఏమిటంటే ఆ ఆగస్టులోనే ఒక క్రేన్ తగిలి కూన్ దిమ్మె మీద నుంచి కింద పడ్డాడు. ఆందోళనకారులు చెయ్యలేనిది క్రేన్ చేసింది అనుకునేలోపే, బాగుచేసి 2012లో మళ్లీ ఎక్కించారు. పక్కనే ఉన్న వెస్ట్‌ఫ్రీస్ మ్యూజియం ఆ ఏడాది కూన్ మీద కోర్టు విచారణ పద్ధతిలో ప్రదర్శన పెట్టి సందర్శకులతో ఓటు వేయించింది. విగ్రహానికి అర్హుడే అన్నవాళ్లే ఎక్కువ. ఉంచాలనేవాళ్లు ఇప్పటికీ చూపించేది ఆ ఓటునే. చరిత్రను చెరిపేస్తే పాఠం ఎక్కడ దొరుకుతుంది అన్నది వాళ్ల రెండో వాదన.

మరి ఆ ఫలకం ఏం పాఠం చెబుతోంది? కూన్ దార్శనికుడైన పాలకుడని మెచ్చుకున్నారు, హింసకు పాల్పడ్డాడని విమర్శించారు అని రెండు వైపులా రాసి, తర్వాత అసలు మాటకొచ్చింది. బండా వాళ్లు కంపెనీ నిషేధాన్ని కాదని ఇంగ్లీషువాళ్లకు జాజికాయ అమ్మినందుకు 1621లో ‘శిక్షా దండయాత్ర’ జరిపాడట. వేలమంది చనిపోయారని కూడా ఉంది, అది దాచలేదు. కానీ నిషేధం ఎవరు పెట్టారు, ఎవరి కాయల మీద? శిక్ష అన్నారంటే ముందే ఒక నేరం ఉన్నట్టేగా. సవరించిన ఫలకం కూడా కంపెనీ గుమాస్తా చిట్టా రాసినట్టే ఉంది.

2018లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కూన్ పేరున్న స్కూలు పేరు మార్చుకుంది. 2020 జూన్‌లో, అమెరికాలో పోలీసు చేతిలో నల్లజాతి మనిషి జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత, హోర్న్‌లో విగ్రహం తీసెయ్యాలని జనం గుమిగూడారు. కాపలాకు ఇంకో గుంపు వచ్చింది. చివరికి పోలీసులు లాఠీలతో చెదరగొట్టాల్సి వచ్చింది. 2022 డిసెంబరులో అప్పటి ప్రధాని మార్క్ రుట్టె బానిసత్వానికి ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పాక, క్షమాపణా చెప్పి విగ్రహమూ ఉంచుకుంటారా అన్న ప్రశ్న తోడైంది.

ఈ గొడవలో బండా వాళ్ల మాట వినబడేది తక్కువ. అప్పట్లో పారిపోయినవాళ్లలో కొందరు కై దీవుల్లో తలదాచుకున్నారు. వాళ్ల ఊరి పేరు బండా ఎలి. బండా దీవుల్లో ఆ పాత భాష పోయింది. కై దీవుల్లో వాళ్ల వారసులు ఇప్పటికీ మాట్లాడుతున్నారు. బండా దీవుల్లో ఒకటైన బండా నెయిరాలో పరిగి రాంతె అనే బావి ఉంది. ‘గొలుసుల బావి’ అని అర్థం. అక్కడి స్మారకం మీద 1621లో చంపిన ఊరి పెద్దల పేర్లు చెక్కి ఉన్నాయి. హోర్న్ ఫలకం మీద ఉన్నది కూన్ పేరొక్కటే.