తలాక్, ఖులా, పిల్లలు: అపోహలు - వాస్తవాలు

మా ఆఫీసుకొచ్చే ముస్లిం ఆడవాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు అడిగే ప్రశ్నల్లో ముప్పాతిక అక్కడా ఇక్కడా విన్న మాటలే. హైదరాబాద్‌లో ఎక్కువగా ఎదురయ్యేవి రాస్తున్నాను.

అపోహ: ఒకేసారి మూడుసార్లు తలాక్ అంటే పెళ్లి తెగిపోయినట్టే.

తెగదు. షాయరా బానో కేసులో 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు 3-2 మెజారిటీతో దాన్ని కొట్టేసింది. 2019 చట్టం వచ్చాక నోటితో చెప్పినా, వాట్సాప్‌లో పెట్టినా చెల్లదు సరికదా, మూడేళ్ల దాకా జైలు.

దీని తోకగా ఇంకో అపోహ పుట్టింది, ఇక మగవాడికి తలాకే లేదని. ఉంది. నెలకోసారి చొప్పున మూడు నెలలు చెప్పే తలాక్-ఎ-హసన్ జోలికి ఆ చట్టం పోలేదు. అయితే 2002లో షమీమ్ ఆరా తీర్పు చెప్పినట్టు తగిన కారణం ఉండాలి, ముందు ఇరువైపుల పెద్దలతో రాజీ ప్రయత్నం జరిగుండాలి. మనోవర్తి కేసులో నోటీసు అందాక "ఎప్పుడో తలాక్ ఇచ్చేశాను" అని కోర్టుకిచ్చే జవాబులో (కౌంటర్లో) ఒక ముక్క రాసేస్తే కుదరదు.

అపోహ: భర్త సంతకం పెట్టకపోతే ఖులా (భార్య కోరి తీసుకునే విడాకులు) రాదు.

ఈ ఒక్క మాట నమ్మి ఏళ్లకేళ్లు పుట్టింట్లో కూర్చున్నవాళ్లున్నారు. "ఆయన ఒప్పుకోవట్లేదు మేడమ్, నన్నేం చేయమంటారు?" 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు దీన్ని తేల్చి చెప్పింది: ఖులా కోరడం భార్య హక్కు, భర్త అంగీకారంతో పనిలేదు. మెహర్ (పెళ్లప్పుడు భర్త భార్యకు ఇచ్చే, లేదా ఇస్తానని ఒప్పుకునే సొమ్ము) తిరిగివ్వడం గురించి బేరమాడవచ్చేమో గానీ, ఖులాను ఆపలేడు. ముఫ్తీ, అంటే ఇస్లాం ధర్మశాస్త్ర పండితుడు, ఇచ్చే ఖులానామా కూడా సలహాలాంటిదే, తప్పనిసరి కాదు. వివాదం కోర్టుకొస్తే జడ్జిగారు చూసేది ముఖ్యంగా మూడు: ఆమె ఖులా అడిగిందా, రాజీకి ప్రయత్నం జరిగిందా, మెహర్ వాపసు మాట వచ్చిందా.

ఖులా ఒక్కటే దారి అనుకోకండి. భర్త రెండేళ్లు పోషించకపోయినా, నాలుగేళ్లు ఆచూకీ లేకపోయినా, హింసించినా 1939 ముస్లిం వివాహాల రద్దు చట్టం కింద కోర్టులోనే విడాకులు అడగవచ్చు. గల్ఫ్‌కి వెళ్లి ఫోన్ ఎత్తడం మానేసినవాళ్ల భార్యలకు చెబుతున్నాను, ఈ చట్టం మీకోసమే.

అపోహ: కొడుక్కి ఏడేళ్లు నిండగానే తండ్రి తీసుకెళ్లిపోవచ్చు.

ఏడేళ్ల లెక్క గాల్లోంచి రాలేదు. సున్నీల్లో ఎక్కువమంది పాటించే హనఫీ పద్ధతిలో కొడుకు ఏడేళ్ల దాకా, కూతురు ఈడేరేదాకా తల్లి దగ్గరుండాలి. దీన్నే హిజానత్ అంటారు. షియాల్లో కొడుక్కి రెండేళ్లు, కూతురికి ఏడు. తండ్రిది గార్డియన్‌షిప్, అంటే చట్టపరమైన సంరక్షకత్వం, అది వేరే సంగతి. మన వాళ్లు ఈ రెండూ కలిపేస్తారు, ఒక్కోసారి కొత్త వకీళ్లు కూడా.

కోర్టు 1890 గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద మతధర్మాన్నీ చూస్తుంది, కానీ త్రాసు మొగ్గేది పిల్లల బాగోగుల వైపే. పుట్టినరోజు దాటిన మర్నాడు ఆటోలో ఎక్కించుకుని పోయే హక్కు ఎవరికీ రాదు. ఊహ తెలిసిన పిల్లలైతే ఎవరి దగ్గర ఉంటావని జడ్జిగారు వాళ్లనే అడగవచ్చు. తల్లి బిడ్డకు దగ్గరి చుట్టం కాని బయటివాణ్ని మళ్లీ పెళ్లి చేసుకుంటే హిజానత్ పోతుందని పాత న్యాయం అంటుంది. కోర్టులో మాత్రం ఆ ఒక్క కారణంతోనే బిడ్డ చేతులు మారుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.

అపోహ: ఇద్దత్ (విడాకుల తర్వాత భార్య మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఆగాల్సిన గడువు) దాటితే భర్త పైసా ఇవ్వక్కర్లేదు.

2024 జూలై 10న సుప్రీంకోర్టు తేల్చింది మన తెలంగాణ కేసులోనే: విడాకులైన ముస్లిం స్త్రీ కూడా అందరిలాగే మనోవర్తి అడగవచ్చు. పిల్లల ఖర్చు వేరే లెక్క. తల్లి దగ్గర పెరుగుతున్నా తండ్రి ఇవ్వాల్సిందేనని 1997లోనే తీర్పుంది.

వకీలు దగ్గరికి వెళ్లేటప్పుడు నిఖానామా (పెళ్లి పత్రం)తో పాటు స్కూలు ఫీజు రసీదులు, టీకాల కార్డు, డాక్టరు చీటీలు తీసుకెళ్లండి. బిడ్డను ఎవరు చూసుకున్నారన్న ప్రశ్న వచ్చినప్పుడు బల్ల మీద పెట్టాల్సినవి అవే.