రిపబ్లికన్ అంటే యుద్ధమేనా? విదేశీ డెస్క్ నుంచి కొన్ని అపోహలు - వాస్తవాలు

పత్రికలో అంతర్జాతీయ పేజీ చూడబట్టి ఇరవై ఏళ్లు దాటింది. అమెరికా రాజకీయాల గురించి పాఠకుల ఫోన్లలోనూ, మా డెస్క్ మీద పుట్టే హెడ్డింగుల్లోనూ కొన్ని అపోహలు ఎన్నేళ్లయినా వదలవు. అక్కడ పిల్లలున్న తల్లిదండ్రులు ఈ వార్తలు మాకంటే శ్రద్ధగా చదువుతారు. తప్పు రాస్తే తెల్లారేసరికి పట్టుకుంటారు.

నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను. 2024 ఏప్రిల్ 20, శనివారం. అమెరికా ప్రతినిధుల సభలో ఓటింగ్ జరిగేసరికి ఇక్కడ బాగా పొద్దుపోయింది. సిటీ ఎడిషన్ వదలాల్సిన టైము. ఉక్రెయిన్‌కు దాదాపు 61 బిలియన్ డాలర్ల సాయం బిల్లు 311-112తో నెగ్గిందని ఏజెన్సీ కాపీ దిగింది. 'రిపబ్లికన్లు కాదన్నా ఉక్రెయిన్‌కు సాయం' అని హెడ్డింగ్ కొట్టి పేజీ వదిలేశాను. కాదన్న 112 ఓట్లూ రిపబ్లికన్లవే, తప్పేముందిలే అనుకున్నాను. పొద్దున్నే ఒక రిటైర్డ్ లెక్చరర్ ఫోన్. "ఆ బిల్లు సభకు తెచ్చిన స్పీకర్ మైక్ జాన్సన్ ఏ పార్టీ అండీ? అవునన్న రిపబ్లికన్లు 101 మంది ఉన్నారు కదా, వాళ్లనెక్కడ పెట్టారు?" నీళ్లు నమిలాను.

అదే రోజు అదే సభ ఇజ్రాయెల్‌కు ఒక బిల్లు, తైవాన్‌తో సహా ఇండో-పసిఫిక్‌కు మరో బిల్లు పాస్ చేసింది. ఇజ్రాయెల్ బిల్లును కాదన్న రిపబ్లికన్లు 21 మంది. తైవాన్ బిల్లును కాదన్నవాళ్లు 34 మంది. అంటే ఉక్రెయిన్‌కు డాలర్ కూడా ఇవ్వొద్దన్నవాళ్లలో కనీసం 78 మంది తైవాన్ దగ్గరికి వచ్చేసరికి అడ్డు చెప్పలేదు. పార్టీ ఒకటే, రోజు ఒకటే, సభ ఒకటే.

అపోహ: కన్జర్వేటివ్ అంటేనే యుద్ధం కోరేవాడు

రిపబ్లికన్లలో ఎక్కువమంది తమను కన్జర్వేటివ్‌లనే చెప్పుకుంటారు. ఈ అపోహలో సగం పాపం మా అనువాదానిదే. కన్జర్వేటివ్‌ని 'సంప్రదాయవాది' అని రాసి ఊరుకుంటాం. దేన్ని కాపాడుకోవాలనుకుంటున్నాడో చెప్పం. సొంత ఖజానానా? రాజ్యాంగం కాంగ్రెస్‌కు ఇచ్చిన యుద్ధాధికారాన్నా? ప్రపంచంలో అమెరికా పెత్తనాన్నా? ఈ మూడూ ఒకదాన్నొకటి తన్నుకుంటాయి.

ఒహాయో సెనేటర్ రాబర్ట్ టాఫ్ట్‌నే తీసుకోండి. మాజీ అధ్యక్షుడి కొడుకు. ఆయనకు 'మిస్టర్ రిపబ్లికన్' అనే పేరుండేది, అంతకంటే అసలు సిసలు కన్జర్వేటివ్ ఆ రోజుల్లో దొరకడు. 1949లో నాటో (యూరప్ దేశాలతో సైనిక కూటమి) ఒప్పందాన్ని సెనేట్ 82-13తో ఆమోదిస్తే, ఆ 13 మందిలో టాఫ్ట్ ఒకరు. కొరియాకు అధ్యక్షుడు ట్రూమన్ కాంగ్రెస్‌ను అడక్కుండా సైన్యాన్ని పంపడం కూడా ఆయనకు మింగుడుపడలేదు. అవతలి పక్క మిచిగన్ సెనేటర్ ఆర్థర్ వాండెన్‌బర్గ్. ఆయనదీ అదే పార్టీ. ఒకప్పుడు యూరప్ గొడవలు మనకెందుకన్న మనిషే, యుద్ధం తర్వాత పూర్తిగా మారి నాటోకు సెనేట్‌లో దారి వేశాడు. చివరికి 1952లో పార్టీ టికెట్ కోసం టాఫ్ట్‌తో తలపడింది ఎవరనుకున్నారు? నాటో సేనాధిపతిగా పనిచేసి వచ్చిన ఐసెన్‌హోవర్. గెలిచింది ఆయనే, అధ్యక్షుడైందీ ఆయనే. పార్టీలో ఆ రోజు తేలిపోయిందనుకున్న తగువు ఇప్పటికీ తేలలేదు.

ఐసెన్‌హోవర్ కూడా ఒక గాటన కట్టేయగల మనిషి కాడు. 1953లో కొరియాలో కాల్పులు ఆపించాడు. 1954లో వియత్నాంలోని దియెన్ బియెన్ ఫు దగ్గర ఫ్రెంచివాళ్లు చిక్కుకుపోతే సైన్యాన్ని పంపలేదు. 1956లో ఈజిప్టులోని సూయెజ్ కాలువ మీదికి వెళ్లిన సొంత మిత్రులు బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్‌లనే వెనక్కి లాగాడు. ఇరాన్, గ్వాటెమాలా ప్రభుత్వాలను సీఐఏ చేత గుట్టుగా కూల్చిందీ ఆయన హయాంలోనే. దిగిపోతూ 1961లో సైనిక-పారిశ్రామిక కూటమి (సైన్యం, ఆయుధ కంపెనీల కుమ్మక్కు) గురించి హెచ్చరించిందీ ఆయనే.

(ఇంకా వెనక్కి పోతే, కన్జర్వేటివ్‌లు మూలపురుషుడిగా చెప్పుకునే పద్దెనిమిదో శతాబ్దపు బ్రిటిష్ నేత ఎడ్మండ్ బర్క్ ఈస్టిండియా కంపెనీ దురాగతాల మీద ఏళ్ల తరబడి పోరాడిన మనిషి. 1785లో ఆర్కాటు నవాబు అప్పుల మీద ఆయన పార్లమెంటులో చేసిన ప్రసంగం ఉంది. ఆ నవాబు ఏలుబడిలో మన నెల్లూరు కూడా ఉండేది.)

అపోహ: యుద్ధం వద్దన్న కన్జర్వేటివ్ ఏకాకివాది (లోకం గొడవ మనకెందుకనేవాడు), లేదంటే శాంతికాముకుడు

ఇది చదువుకున్నవాళ్లు చేసే పొరపాటు. నేనూ చాలాకాలం చేశాను. ఫిన్లాండ్, స్వీడన్‌లను నాటోలో చేర్చుకోవడానికి 2022 ఆగస్టులో సెనేట్ 95-1తో ఓటేసింది. ఆ ఒక్కడు మిస్సోరి సెనేటర్ జాష్ హాలీ. ఆయన వాదన ఏమిటంటే, అసలు శత్రువు చైనా, యూరప్‌లో బరువు పెంచుకుంటే ఆసియాలో చేతులు ఖాళీ అవుతాయి అని. తుపాకీ దించమనడం లేదు, అటు తిప్పమంటున్నాడు. ఎల్‌బ్రిడ్జ్ కోల్బీదీ ఇదే వరస. 2025 నుంచి అమెరికా రక్షణ శాఖ పెంటగన్‌లో విధానాల విభాగం ఆయన చేతిలో ఉంది. ఇలాంటివాళ్లను అక్కడ 'ప్రయారిటైజర్లు' అంటున్నారు. మేం 'ఆసియా ముందు' వర్గం అని రాస్తున్నాం, చదవడానికి నోరు తిరుగుతుంది కాబట్టి. టాఫ్ట్ కూడా యూరప్‌ను వద్దంటూనే ఆసియాలో చైనా కమ్యూనిస్టులతో పోరాడిన చియాంగ్ కై-షేక్ వైపు, కొరియా యుద్ధం నడిపిన జనరల్ మెక్‌ఆర్థర్ వైపు నిలబడ్డాడు. డెబ్బై ఏళ్ల నాటి పాత పాటే ఇది.

కెంటకీ సెనేటర్ ర్యాండ్ పాల్‌ది ఇంకో బాపతు. దేశం ఏదైనా సరే, యుద్ధం ప్రకటించే హక్కు కాంగ్రెస్‌దే, అప్పు చేసి బాంబులు వేయొద్దు అంటాడు. 2013 మార్చిలో డ్రోన్ల మీద దాదాపు 13 గంటలు సెనేట్‌లో నిలబడి మాట్లాడాడు. హాలీ, పాల్ ఇద్దరూ ఒకే బిల్లుకు 'నో' అన్నారని ఒకే గంపలో వేస్తే మర్నాడు తైవాన్ ఓటింగ్ వచ్చినప్పుడు మన కాపీ మనకే ఎదురు తిరుగుతుంది.

అపోహ: డేగలందరూ నియోకాన్లే

డేగలంటే యుద్ధానికి సై అనేవాళ్లు. తెలుగు సోషల్ మీడియాలో 'నియోకాన్' (నియోకన్జర్వేటివ్‌కు పొట్టి పేరు) ఇప్పుడు తిట్టు. నిజానికి అది ఒక చిన్న గుంపు పేరు, అందులోనూ చాలామంది డెమొక్రాట్ల ఇంట్లో పుట్టినవాళ్లు. ఆ గుంపుకు గురువులాంటి ఇర్వింగ్ క్రిస్టల్ కుర్రతనంలో ట్రాట్‌స్కీవాది, అంటే కమ్యూనిస్టుల్లో ఒక వర్గం మనిషి. రీగన్ హయాంలో ఐక్యరాజ్య సమితిలో రాయబారిగా ఉన్న జీన్ కిర్క్‌పాట్రిక్ 1985 దాకా డెమొక్రాటే. రిచర్డ్ పెర్ల్ పని నేర్చుకున్నది హెన్రీ జాక్సన్ అనే డెమొక్రాట్ సెనేటర్ ఆఫీసులో. అమెరికా బలంతో ప్రజాస్వామ్యాన్ని ఇతర దేశాల్లో నాటవచ్చన్నది వాళ్ల నమ్మకం. ఇరాక్ యుద్ధం నాటి ఉపాధ్యక్షుడు చెనీ, రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్‌లకు ఆ మోజు అంతగా లేదు, శత్రువును కొట్టి లొంగదీయడమే వాళ్లకు ముఖ్యం. ట్రంప్ తొలి హయాంలో జాతీయ భద్రతా సలహాదారుగా చేసిన జాన్ బోల్టన్ అయితే తాను 1964 నాటి రిపబ్లికన్ అభ్యర్థి గోల్డ్‌వాటర్ మనిషినని చెప్పుకుంటాడు, నియోకాన్ అంటే ఒప్పుకోడు. ఇరాక్ మీదికి అందరూ కలిసే వెళ్లారు. ఎందుకు వెళ్లాలన్న దాంట్లోనే తేడా. ఆ తేడా బాగ్దాద్ పడిపోయిన మర్నాటి నుంచి బయటపడింది: ఉండి దేశం కట్టాలా, వచ్చేయాలా?

అపోహ: ఇరాక్ యుద్ధానికి కన్జర్వేటివ్‌లంతా ఒక్కమాట మీద ఉన్నారు

ఓట్ల లెక్క చూస్తే అలాగే కనిపిస్తుంది. 2002 అక్టోబర్‌లో ఇరాక్ యుద్ధానికి అనుమతిచ్చే తీర్మానాన్ని కాదన్న రిపబ్లికన్లు ప్రతినిధుల సభలో ఆరుగురు, సెనేట్‌లో ఒకే ఒక్క లింకన్ చేఫీ. (సెనేట్‌లో 29 మంది డెమొక్రాట్లు కూడా అవునన్నారు. బైడెన్, హిల్లరీ, జాన్ కెర్రీ వాళ్లలోనే ఉన్నారు. ఇది 'రిపబ్లికన్ యుద్ధం' అని రాసే ముందు గుర్తు చేసుకోవాలి.) సభ బయట మాత్రం గోల గోలగా ఉండేది. పెద్ద బుష్‌కు జాతీయ భద్రతా సలహాదారుగా పనిచేసిన బ్రెంట్ స్కోక్రాఫ్ట్ 2002 ఆగస్టులోనే సద్దాం మీదికి వెళ్లొద్దని వాల్ స్ట్రీట్ జర్నల్‌లో రాశాడు. తండ్రి సలహాదారు కొడుకు యుద్ధాన్ని కాదన్నాడన్నమాట. 1991 గల్ఫ్ యుద్ధాన్నే కాదన్న కన్జర్వేటివ్ వ్యాఖ్యాత ప్యాట్ బుకానన్ దీన్ని ఎలాగూ కాదన్నాడు. చర్చిల్లోనూ చీలికే. దక్షిణాది బాప్టిస్టు నాయకుడు రిచర్డ్ ల్యాండ్ న్యాయమైన యుద్ధమే అన్నాడు. వాటికన్‌లో పోప్ జాన్ పాల్ - 2 వద్దన్నారు.

నాకు మాత్రం ఇరాక్ అనగానే గుర్తొచ్చేది నార్త్ కరొలైనా సభ్యుడు వాల్టర్ జోన్స్. 2003లో ఫ్రాన్స్ యుద్ధానికి అడ్డుపడుతోందని కోపమొచ్చి, ప్రతినిధుల సభ క్యాంటీన్‌లో ఫ్రెంచ్ ఫ్రైస్ పేరును 'ఫ్రీడమ్ ఫ్రైస్' అని మార్పించినవాళ్లలో ఆయన ఒకడు. ఆ వార్తను మేం పేజీ అడుగున తమాషా బాక్సుగా వేశాం. ఆయన నియోజకవర్గంలో క్యాంప్ లెజూన్ అనే పెద్ద మెరైన్ స్థావరం ఉంది. ఆ ఏడే ఒక మెరైన్ అంత్యక్రియలకు వెళ్లాడు. భర్త రాసిన ఆఖరి ఉత్తరాన్ని భార్య అక్కడ చదివి వినిపించింది. పుట్టిన కవల పిల్లలను ఆ తండ్రి చూడనేలేదు. జోన్స్ ఆ రోజు నుంచి యుద్ధంలో పోయినవాళ్ల కుటుంబాలకు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టి, బతికున్నంతకాలం పదివేలకు పైగా సంతకాలు చేశాడు. తన ఆఫీసు బయటి గోడ నిండా చనిపోయిన మెరైన్ల ఫొటోలు పెట్టుకున్నాడు. 2005 కల్లా సైన్యాన్ని వెనక్కి రప్పించే గడువు చెప్పమని బుష్‌నే అడిగాడు. 2014 ప్రైమరీలో (పార్టీ టికెట్ తేల్చే ఎన్నికలో) సొంత పార్టీ డేగలు ఓడించాలని చూశారు. వాళ్ల వల్ల కాలేదు. సైనికులు ఎక్కువగా ఉన్న చోట యుద్ధం వద్దన్న మనిషి నెగ్గుతూ వచ్చాడు. 2019లో చనిపోయేదాకా రిపబ్లికన్‌గానే ఉన్నాడు, గర్భస్రావాల దగ్గర్నుంచి అప్పుల దాకా అన్నిట్లోనూ కరడుగట్టిన కన్జర్వేటివే.

అపోహ: రీగన్ అయితే ఇలా చేసేవాడు

రెండు వర్గాలూ రీగన్ ఫొటోకే దండ వేస్తాయి. ఇద్దరికీ తగ్గ ఆధారాలు ఆయనే వదిలిపోయాడు. 1983 అక్టోబర్ 23న లెబనాన్ రాజధాని బీరుట్‌లో మెరైన్ల బారక్స్ పేల్చివేతలో 241 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. రెండు రోజులకు రీగన్ కరీబియన్ దీవి గ్రెనడా మీద దాడి చేయించాడు, నాలుగు నెలలు తిరక్కుండా బీరుట్ నుంచి మెరైన్లను వెనక్కి పిలిచాడు. 1987లో సోవియట్ నేత గోర్బచెవ్‌తో మధ్యశ్రేణి క్షిపణుల ఒప్పందం కుదిరితే, సొంత శిబిరంలోని కరుడుగట్టినవాళ్లే ద్రోహమన్నారు.

అపోహ: ట్రంప్ వచ్చాక తగువు తీరిపోయింది

తీరలేదు, వీధిలో పడింది. 2017లో సిరియా మీద 59 టోమహాక్ క్షిపణులు, 2020 జనవరిలో ఇరాన్ జనరల్ సులేమానీ హత్య, మరుసటి నెలాఖరున దోహాలో తాలిబాన్‌తో ఒప్పందం, అన్నీ ఒకే మనిషివి. 2019లో సిరియా నుంచి సైన్యాన్ని తప్పించినప్పుడు ప్రతినిధుల సభ 354-60తో తప్పుబట్టింది, అందులో 129 మంది ఆయన పార్టీవాళ్లే.

2025 జూన్ మరీ గొప్ప తమాషా. ఇరాన్ ప్రభుత్వం కూలాలంటున్న సెనేటర్ టెడ్ క్రూజ్‌ను కన్జర్వేటివ్ వ్యాఖ్యాత టక్కర్ కార్ల్‌సన్ ఇంటర్వ్యూలో ఒకటే ప్రశ్న వేశాడు: ఇరాన్ జనాభా ఎంత? క్రూజ్ తెలియదన్నాడు. 9 కోట్ల 20 లక్షలని కార్ల్‌సనే చెప్పాడు. కూల్చాలనుకునే దేశంలో ఎంతమంది ఉన్నారో తెలియదా అని ఒకడు, అది తెలిస్తే ఏమిటి తెలియకపోతే ఏమిటి అని ఇంకొకడు. ఇద్దరూ ట్రంప్ మనుషులే. కొద్ది రోజులకే, జూన్ 22న, ఫోర్దో, నతాంజ్, ఇస్ఫహాన్ అణుకేంద్రాల మీద అమెరికా బాంబులు పడ్డాయి. కెంటకీ సభ్యుడు థామస్ మాసీ అప్పటికే డెమొక్రాట్ రో ఖన్నాతో కలిసి, కాంగ్రెస్‌ను అడక్కుండా యుద్ధం కుదరదనే తీర్మానం పెట్టి ఉన్నాడు.

అపోహ: రిపబ్లికన్లు వస్తే ఇండియాకు మంచిది

దీనికి ఎక్కువ చోటు ఇవ్వను. 1971 డిసెంబర్‌లో ఎంటర్‌ప్రైజ్ యుద్ధనౌకను బంగాళాఖాతంలోకి పంపింది నిక్సన్. 1981లో పాకిస్తాన్‌కు 320 కోట్ల డాలర్ల ప్యాకేజీ ఇచ్చింది రీగన్. 2008లో మనతో అణు ఒప్పందాన్ని ఆమోదించే చట్టం మీద సంతకం పెట్టింది చిన్న బుష్. ముగ్గురూ రిపబ్లికన్లే. ఆ రోజు ఎవరికి ఏ శత్రువు పెద్దగా కనిపించాడో దాన్నిబట్టి మన వంతు మారింది.

2024 జూలైలో జేడీ వాన్స్‌ను ట్రంప్ తన ఉపాధ్యక్ష అభ్యర్థిగా ప్రకటించిన రోజు మా డెస్క్‌లో పండగే. ఆయన భార్య ఉష పూర్వీకులది గోదావరి జిల్లాల్లోని వడ్లూరు. ఊరి ఫొటోలు, బంధువుల మాటలు, వంశవృక్షం అన్నీ వేశాం. ఆయన మెరైన్‌గా ఇరాక్‌లో పనిచేసి వచ్చి, ఆ యుద్ధం మీద నమ్మకం పోగొట్టుకున్న మనిషి. దానికి మూడు నెలల ముందు సెనేట్‌లో ఉక్రెయిన్ సాయం బిల్లుకు 'నో' అన్న 18 మందిలో ఒకడు. పాత పేజీలు తిరగేసి చూశాను. ఆ రోజు మా పత్రికలో ఈ రెండు ముక్కలూ లేవు. ఈసారి ఏ లెక్చరర్ గారూ ఫోన్ చేయలేదు.